స్కేలు: ఒక బొడిపెకి ఒక అడుగు

పగలు మున్సిపల్ ఆఫీసులో
నా పని టేపు పట్టుకోవడం.
రోడ్డు నడిమధ్య నుంచి పదిహేను అడుగులు కొలిచి
గోడ మీద ఎర్రగీత పెట్టిస్తాను.
గీతకి ఇవతలిది రోడ్డు, అవతలిది ఇల్లు.
అరుగు మాత్రం ఏ కాగితంలోనూ ఉండదు.

రాత్రి గిన్నెలు బోర్లించాక
నవారు విప్పేసిన మంచం మీద చెక్క పరిచి
లాకుల వీధి కడతాను.
పిల్లలాడుకునే ప్లాస్టిక్ ఇటుకలే,
రంగు రంగుకీ వేరుచేసి పూతరేకుల డబ్బాల్లో పెట్టుకున్నవి.
ఒక బొడిపె అంటే ఒక అడుగు.
రెండు రూపాయి బిళ్ళలంత మందం పలక, అయిదంగుళాలు.
ఈ లెక్క కుదిరిన రాత్రి
లేచి ఫ్యాను కింద ఊరికే కాసేపు నిలబడ్డాను.

పెంకు రంగు ఓ పట్టాన దొరకలేదు.
డబ్బాలో వచ్చే ఎరుపు పోస్టుడబ్బా ఎరుపు.
మన పెంకు అలా ఉండదు కదా,
ముప్ఫై ముసుర్లు తాగి, పాచి పట్టి,
కోతి దూకిన చోట పగిలి, పగిలిన చోట రేకు ముక్క దోపుకుని ఉంటుంది.
గోధుమ, కాఫీ, ముదురాకుపచ్చ
గుప్పెడేసి కలిపి, చూడకుండా తీసి పెట్టాను.
చూసి పెడితే వరస కట్టేస్తున్నాయి.

కాలువకి నీలం వేస్తే
సైకిల్ షాపు దానియేలు కూతురు షారోను పకపకా నవ్వింది.
"ఏ కాలవైనా నీలంగా ఉంటదా ఆంటీ?"
తీసేసి టీ రంగు పరిచాం.
గుర్రపుడెక్కకి పచ్చబొడిపెలు తనే గుచ్చింది,
లాకు తలుపుల దగ్గర ఎక్కువగా.

మొదట కట్టిన ఇళ్ళన్నీ నిటారుగా వచ్చాయి,
ప్లాట్లమ్మే వాళ్ళ బోర్డు మీద బొమ్మల్లా.
కుడుపూడి వారి మేడ మాత్రం కాలువవైపు ఒరిగి ఉండాలి.
ఈ ఇటుకలకి ఒరగడం రాదు.
చివరికి ఒక మూల ఇటుకల్ని
సగం నొక్కి వదిలేశాను.
గోడలన్నిటికీ కిందనుంచి రెండో వరస మట్టిరంగు,
పెద్ద వరద నిలబడి వెళ్ళిన ఎత్తు.

కబురు ఎలా పాకిందో,
వీధి వీధంతా వచ్చి చూడటం మొదలెట్టింది.
గీత సంగతి ఎవరూ ఎత్తలేదు.
ఇస్త్రీ వీర్రాఘవులు తన బండి చక్రాలు చిన్నవైపోయాయన్నాడు.
టైలరు జుబేదా వంగి, కళ్ళజోడు సర్దుకుని,
"మా కిటికీకి ఊచలు అయిదు, నువ్వు మూడే పెట్టావు" అంది.
మర్నాడు కాగితంలో మడిచి లేసు ముక్క తెచ్చింది.
అగ్గిపెట్టెలో సగం లేదు.
"పరదా," అంది. "లేకపోతే లోపల మిషను కనపడిపోద్ది."

అన్నీ అయ్యాక కూడా ఏదో లోటు.
మూడు రాత్రులు చూశాను, తెలిసింది.
ఒంటిబొడిపె ఎర్రవి పద్నాలుగు ఏరి
రోడ్డు మధ్య నుంచి పదిహేను లెక్కపెట్టి
ఒక్కో గోడకీ ఒక్కటి నొక్కాను.
అప్పుడు అచ్చం లాకుల వీధిలా ఉంది.

షారోను చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత, ఎర్రదానికి ఇవతలున్న వాళ్ళ మెట్లు
ఒక్కొక్కటే ఊడదీసి అరచేతిలో పెట్టుకుంది.
టిక్. టిక్. టిక్.
గోడ చెక్కు చెదరలేదు, దుమ్ము రేగలేదు.
"ఇంత ఈజీయా?" అంది.
కాదన్నాను.
మళ్ళీ మూడూ పెట్టేసింది,
మూడోది కొంచెం వదులుగా.

"రేపు మా ఇంటికి కొలవడానికి ఎవరొస్తారు?"
"నేనే."
చెప్పులేసుకుంటూ గుమ్మంలో ఆగింది.
"మూడో మెట్టు చూసుకుని ఎక్కండాంటీ.
ఊగుద్ది."